గేటు దిక్కు చూసిన ఆవు

రెండేళ్ల కిందటి ఎండాకాలం. యాడికి మండలంలో ఒక పల్లెలో పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఓబుళమ్మగారి ఆవు ఈనిన వారంలోపే పాము కరిచి చనిపోయింది. భూములున్న ఇల్లు, పెద్ద పశువుల కొట్టం, అందులో తల్లి లేని పెయ్యదూడ. సీసా పాలు పడక విరేచనాలతో పారుకుంటోంది. నా మందులూ పనిచేయలేదు.

"ఎట్లయినా బతికించు సార్. దీని తల్లిని నా చేత్తో పెంచినా," అని ఓబుళమ్మ ఏడ్చింది.

దూడను పోగొట్టుకున్న పాడి ఆవు ఊళ్లో ఒక్కటే ఉంది, ఎస్సీ కాలనీలో మారెక్కది. దాని దగ్గర నేరుగా తాగితే దూడ నిలబడుతుందని చెప్పాను. మారెక్క వెంటనే ఒప్పుకుంది. చిక్కు ఓబుళమ్మ దగ్గరే వచ్చింది.

"మా దూడ ఆ కాలనీకి పోదు. ఆవునే తోలుకొని రమ్మను సార్. ఆమె మాత్రం గేటు బయటుండాల."

నాకు ఒళ్లు మండింది. ఆవుకు లేని అంటు మనిషికి యాడినుంచి వచ్చిందమ్మా అని నోటిదాకా వచ్చింది. దూడను చూసి మింగేశాను.

మారెక్క ఆవును తోలుకొచ్చి గేటు బయటే ఆగింది. ఆవును కొట్టంలో కట్టేసి, దాని పాలే దూడ ఒంటికి పూసి వాసన చూపించాం. ఒక్క తన్ను తన్నింది. ఆవు పొదుగులోకి పాలు దింపడాన్ని మేం 'లెట్ డౌన్' అంటాం, రైతులు చేపడం అంటారు. ఆవు మనసు కుదుటపడితేనే పాలు దిగుతాయి. ఇది ఎంతకీ చేపలేదు. మెడ తిప్పుకుని ఒకటే అరుపు.

"తౌడు పెట్టినాం, నీళ్లు పెట్టినాం. ఇంకా యాడ చూస్తాండాది ఇది?" అంది ఓబుళమ్మ.

"గేటు దిక్కు, అమ్మా. ఆడ దాని మనిషి ఉండాది," అన్నాను.

దూడ కాళ్లు మడిచి కూలబడింది. ఓబుళమ్మ తనే పోయి గడియ తీసింది.

"రామ్మే మారెక్కా, బిడ్డ సచ్చిపోతాండాది."

మారెక్క వచ్చి ఆవు గంగడోలు నిమిరింది. "నీ బిడ్డే అనుకో తల్లీ," అంది. కాసేపటికి దూడ మూతి నిండా నురగ. ఓబుళమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ మారెక్క పక్కనే నేలమీద కూర్చుండిపోయింది. నాకూ కళ్లు చెమర్చాయి.

ఊరంతా మారిపోయిందని చెప్పను. మారెక్క ఆ కొట్టం దాటి ఇంట్లోకి ఇంకా పోలేదు. కానీ కొన్ని నెలలకు టీకాలు వేయడానికి పోతే కొట్టంలో కేకలు వినిపించాయి.

"నా ఆవు కన్నాది, దూడ నాది!" అంటోంది ఓబుళమ్మ.

"నా ఆవు పాలతో లేసింది. నాకూ భాగముండాది, యాడికి పోతాది?" అంటోంది మారెక్క.

ఒకే అరుగు మీద పక్కపక్కన కూర్చుని అరుచుకుంటున్నారు. ఒకప్పుడు వీధిలోంచే దండం పెట్టి పోయిన మారెక్క గొంతు ఇప్పుడు ఓబుళమ్మ గొంతుకు ఏమీ తీసిపోలేదు. దూడ మాత్రం ఇద్దరి కొంగులూ నములుతోంది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత కమ్మటి పోట్లాట నేను వినలేదు. మందు పనిచేయని చోట, గేటు బయట ఎవరిని నిలబెట్టామో చూడాలని ఆ కేసు నాకు నేర్పింది.