అమ్మ కిటికీకి నాయన నేసిన తెర

తిరుపతిలో మేము కొత్తగా చేరిన ఇంటికి పరదాలు ఎంచుకుందామని మొన్న దుకాణానికి వెళ్తే, నా భార్య మందపాటి పూలగుడ్డల దగ్గరా ఇత్తడి రంగు రాడ్ల దగ్గరా నిలబడిపోయింది. కిటికీల కొలతలు రాసుకున్న డైరీ చేతిలో పట్టుకున్న నన్ను, అప్పుడే విప్పిన తానులోంచి వచ్చిన గంజి వాసన నగరిలోని మా పాత ఇంటికి తీసుకుపోయింది.

ఆ ఇంటి ముందరిగదిలో సగం మగ్గానిదే. నాయన గుంతలో కాళ్లు పెట్టి నేలమట్టానికి కూర్చుని నేసేవాడు గనుక కిటికీ కూడా నేలకు జానెడు ఎత్తులోనే మొదలయ్యేది. ఎండాకాలం మామిడిపళ్ల బండ్లు, ఆడికృత్తిక పండక్కి మొక్కు తీర్చుకోను పోయే పసుపుబట్టల వాళ్ల కావళ్లు, వానలకు బురద చిమ్ముకుంటూ పోయే ఎద్దులు, అన్నింటినీ అమ్మ మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ ఊచల వెనక నుంచే చూసేది.

చెల్లెలు పుట్టాక ఆ కిటికీతోనే చిక్కొచ్చింది. అమ్మ పాలివ్వడానికి కూర్చుంటే చాలు, దారిన పోయేవాళ్లు ఊచల దగ్గర ఆగి నాయనతో మాటలు పెట్టుకునేవాళ్లు. అమ్మ బిడ్డను ఎత్తుకుని వెనక వంటపాకలోకి పోయేది. అక్కడి పొగకు చెల్లెలు ఒకటే దగ్గు. ఒకరోజు విసుగెత్తి పాతచీర తెచ్చి కిటికీకి కట్టేసింది. గది చీకటైంది. తెగిన పోగు కనపడక, నాయన నేస్తున్న చీర అంచు పాడైంది.

"తీసెయ్ మే, నాకు వెలుతురు కావాల."

"నీకు వెలుతురు, నా బిడ్డకు పొగ. బాగుండాది నీ నాయం!"

మగ్గం మీది చీర ముగిశాక నాయన, మిగిలిన నూలుతో పోగులు ఎడమెడంగా వేసి, దోమతెర కంటే కాస్త చిక్కగా ఒక తెల్లగుడ్డ నేశాడు. గంజి పెట్టి ఆరవేసి, వెదురుబద్దకు దోపి కిటికీకి కట్టాడు. వీధిలోకి పోయి వంగి చూశాడు.

"కనపడతా ఉండానా?" లోపల నుంచి అమ్మ అడిగింది.

"ఏమీ కనపడ్లా మే."

"నువ్వు నాకు బాగా కనపడతా ఉండావు. పంచె ఎగ్గట్టుకోని, దొంగోని మాదిరి!"

వీధిలో వాళ్లంతా నవ్వారు. అమ్మ నవ్వుకుంటూనే అక్కడే కూర్చుని చెల్లెలిని ఒళ్లోకి తీసుకుంది. మగ్గం మీద ఎండ ఎప్పటిలాగే పడుతూ ఉంది.

లోపల దీపం పెడితే మాత్రం ఆ పల్చని గుడ్డ దేన్నీ దాచేది కాదు. అందుకే రోజూ పొద్దుగుంకగానే నాయన గుంతలోంచి లేచి, భుజం మీది తువ్వాలు తీసి తెర మీద కప్పేవాడు. ఆ తర్వాతే అమ్మ అగ్గిపుల్ల గీసేది. గుర్తుచేయాల్సిన అవసరం ఆమెకు ఏనాడూ రాలేదు.

ఇప్పుడా వీధిలో మరమగ్గాలే. కిటికీలను ఇటుకలతో మూసేసి ట్యూబులైట్ల కింద నేస్తున్నారు. ఊచల దగ్గర ఆగి పలకరించే వాళ్లూ లేరు, పలికే వాళ్లూ లేరు.

"రెండు రాడ్లు వేయించుకోండి సార్," అన్నాడు దుకాణం ఆయన. "పగటికి పల్చంది, రాత్రికి మందంది."

"రోజూ పొద్దుగుంకితే ఆ మందందాన్ని ఎవరు లేసి లాగేది?" అంది నా భార్య.

"నేను లేస్తాలే," అన్నాను.