సుద్దగీతల సముద్రపు ఇల్లు

మొన్న సెలవురోజున మా అమ్మాయి రాయ్‌పూర్ నుంచి వచ్చి, సముద్రపు ఒడ్డున మేం కట్టబోయే ఇంటి లోపలి బొమ్మలు ఫోన్లో చూపించింది. ఇళ్ళు అలంకరించడమే దాని ఉద్యోగం. తెల్లటి సోఫాలు, అద్దాల బీరువాలు, గాజు సీసాలో పోసిన గవ్వలు. సముద్రం గుమ్మం ముందే ఉండగా గవ్వల్ని సీసాలో దాచుకోవడం ఎందుకో అర్థం కాలేదు గాని, బాగుందనే అన్నాను. పక్కన కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్న మా అమ్మ ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఒకటే అడిగింది. "తడి బట్టల్తోటి ఈ సోఫాలో కూకుంటే ఏటవతాది?" మనవరాలు నవ్వేసి, "అచ్ఛా, అయితే నువ్వే చెప్పు అమ్మమ్మా, కైసా ఘర్ చాహియే?" అంది.

మా అమ్మను అడక్క అడక్క అడిగిన ప్రశ్న అది. ఆవిడకు కావలసిన ఇల్లు నాకు బాగా తెలుసు. నేను పెరిగింది అందులోనే.

అప్పట్లో సముద్రం జాడే లేని ఈ ఊళ్ళో, తార్‌బహార్ దగ్గర రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న గూడ్సు బళ్ళకు గార్డు. అమ్మది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరు. పసుపు కుంకుమల కింద పుట్టింటివారిచ్చిన సరుగుడు తోట ముక్క ఒకటి అక్కడ ఉండేది. క్వార్టర్ గోడకు మేకు కొట్టాలన్నా ఆవిడకు చెయ్యి ఆడేది కాదు, అది మన గోడ కాదు కదా అని. అందుకని వేసవి సాయంత్రాలు పెరటి గచ్చు కడిగి, అది ఆరాక, సుద్దముక్కతో తన ఇల్లు తను గీసుకునేది. వస్తూనే కాళ్ళ ఇసక కడుక్కునే తొట్టి. హాలంతా నాపరాయి, ఎంతమంది తొక్కినా చెక్కుచెదరదు. కుర్చీల బదులు గోడ పొడుగునా అరుగు, దాని మీద ఉతుక్కోవడానికి వీలైన నేత దుప్పట్లు. ఉప్పుగాలికి తుప్పు పడుతుంది కనక ఇనప బీరువా వద్దు, బట్టలకు కర్ర కొయ్యలు చాలు. అక్కడ కూర్చోకు, ఇక్కడ తొక్కకు అని పిల్లల్ని కసురుకోనక్కర్లేని ఇల్లు కావాలనేది.

రాత్రి మంచాలు కూడా ఆ సుద్దగీతల గదుల్లోనే వేసుకునేవాళ్ళం. నా వాటాకు కిటికీ గది వచ్చింది. ఆ లేని కిటికీలోంచి నేను చూసినంత సముద్రం తర్వాత ఏ ఊళ్ళోనూ కనపడలేదు. సముద్రం ఎటువైపో చెప్పమని నాన్న ఆటపట్టిస్తే, అమ్మ రైలు పట్టాల వైపు చెయ్యి చూపించేది. బొగ్గుబండి పోతున్నంతసేపూ నిజంగానే అటునుంచి హోరు వచ్చేది. డ్యూటీ దిగి వచ్చిన నాన్న బూట్లతో తిన్నగా వంటింటి గోడలోంచి నడిచొస్తే మాత్రం ఊరుకునేది కాదు. వెనక్కి పంపి గుమ్మంలోంచి రప్పించేది. ఆయన కిక్కురుమనకుండా చుట్టూ తిరిగొచ్చి, తన డ్యూటీ పెట్టెను గుమ్మం పక్కన గీసిన చిన్న చదరంలో దించేవాడు. ఇనుము వద్దన్న ఇంట్లో ఆ ఒక్క ఇనప పెట్టెకే చోటుండేది.

తర్వాత క్వార్టర్ వదిలేశాం. ఈ ఊళ్ళోనే సొంత ఇంట్లోకి మారాం. నాన్న పోయారు. సుద్దగీతల ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇన్నాళ్ళకు ఆ తోటలో ఇల్లు కట్టే యోగం పట్టింది గాని, అమ్మ అడుగుపెట్టేసరికి అది తన ఇల్లవుతుందా, ఫోన్లో ఇల్లవుతుందా అని నాకు ఒకటే బెంగ.

అందుకే మొన్న ఆ సాయంత్రమే డాబా కడిగించి, మా అమ్మాయి చేత దాని ప్లాను సుద్దతో గీయించాను. అమ్మ నెమ్మదిగా గుమ్మంలోంచే లోపలికి వెళ్ళింది. సోఫాను కాలితో చెరిపి అరుగు గీయమంది. తొట్టి పెట్టించింది. కిటికీ ఇంకా వెడల్పు చేయించింది. గవ్వల సీసా జోలికి పోలేదు, పోనీలే పిల్ల ముచ్చట అనుకుందేమో. అంతా చూసి బయటికొచ్చాక, మనవరాలి చేతిలో సుద్ద తీసుకుని, వంగి, గుమ్మం పక్కన చిన్న చదరం గీసింది.

అది దేనికో తెలిసి కూడా అడిగాను.

"మీ నాన్నొత్తే పెట్టె ఎక్కడెడతాడే?" అంది.

మతిమరుపో, మాటవరసకు అన్నదో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. మా అమ్మాయి టేపు తీసి ఆ చదరాన్ని కొలుచుకుంది. గతౌరా వైపు బొగ్గుబండి పోతోంది. అమ్మ గీతల మధ్య కుర్చీ వేయించుకుని, అటు తిరిగి కూర్చుంది. ఇన్నేళ్ళలో కాలం మా ఇంట్లోంచి ఎన్ని పట్టుకుపోయినా, గుమ్మం పక్కన ఆ కాస్త చోటు మాత్రం మా అమ్మ దానికి ఇవ్వలేదు.