క్యాను మునస్వామి

ఎక్సైజు వాళ్ళ లెక్క ప్రకారం సత్యవేడు చుట్టుపక్కల అందరికంటే పెద్ద సారా వ్యాపారి మా నాయన. నాకు తెలిసిన మునస్వామి ఎకరంన్నర వేరుశనగ చేను, ఒక బర్రె ఉన్న మనిషి. సారా కాయడం ఆయనకు చేతకాదు. తాగడం చేతనయ్యేది. నేను పుట్టినాక అదీ మానేశాడు.

మద్యనిషేధం వచ్చిన ఏడాది, ఒక నెలాఖరున ఎక్సైజు కానిస్టేబులు జయచంద్ర మా ఇంటికి వచ్చాడు. అమ్మ పుట్టిన ఊరివాడు. అమ్మను అక్కా అని, నాయనను బావా అని పిలిచేవాడు. పైవాళ్ళు నెలకిన్ని కేసులు కావాలంటున్నారని, తగ్గితే తనను యాడికో తోలేస్తారని మొర పెట్టుకున్నాడు. పక్క వీధి శాంతయ్య ఏటిగట్టున నల్లబెల్లం ఊరేసి సారా కాస్తాడని ఊరందరికీ తెలుసు. ఆ వాసన మా వాకిలి దాకా కొట్టేది. కానీ శాంతయ్య ఇవ్వాల్సినవాళ్ళకు ఇవ్వాల్సింది ఇచ్చేవాడు. ఆయన పేరు రాయకూడదు.

"పేరు ఒకటి, ఫోటో ఒకటి గావల్ల బావా. కోర్టులో ఒప్పుకుంటే సాలు. జరిమానా మేమే కడతాం. పొద్దుగూకేలోగా ఇంటికాడ ఉంటావు" అన్నాడు.

ఇంటికొచ్చి అడిగినవాడికి లేదనడం నాయనకు రాదు. "ఫోటోకి సొక్కా యేసుకోవల్లా?" అని మాత్రం అడిగాడు.

జయచంద్ర తెచ్చిన తెల్ల ప్లాస్టిక్ క్యానులో అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. దాని పక్కన నాయన గొంతుక్కూర్చున్నాడు. ఫోటో అయినాక ఆ నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోశారు. మళ్ళీ నెలకు పనికొస్తుందని క్యాను మా ఇంట్లోనే పెట్టి వెళ్ళారు.

అలా నెలనెలా. నిషేధం ఎత్తేసినా సారా మాత్రం నేరంగానే ఉండిపోయింది గనక క్యానుకు పని తప్పలేదు. కోర్టు రోజు జయచంద్ర నాయనకు హోటల్లో దోసె పెట్టించేవాడు. ఊళ్ళో క్యాను మునస్వామి అనే పేరు నిలిచిపోయింది. శాంతయ్య ఎదురుపడితే ఊరుకునేవాడు కాదు. "మనిద్దరిదీ పొత్తు యాపారమప్పా. కాసేది నేను, పేరు నీది" అనేవాడు. నాయన కూడా నవ్వేవాడు.

ఆ తరవాత చిత్తూరుకు ఒక కొత్త ఆఫీసరు వచ్చాడు. కష్టపడే మనిషి అని చెప్పుకునేవారు. జిల్లా లెక్కలన్నీ తెప్పించుకుని చదివాడు. అన్నిసార్లు పట్టుబడి, అన్నిసార్లు నేరం ఒప్పుకుని, మళ్ళీ అదే పని చేస్తున్నవాడు ఆయనకు ఒక్కడే కనిపించాడు. బెయిలు లేకుండా ఏడాది దాకా లోపల పెట్టే చట్టం ఒకటుంది. దాని కింద నాయన కోసం జీపు వచ్చింది. నాయన చొక్కా వేసుకుని, క్యాను తేవల్లా అని అడిగాడు. జీపెక్కమన్నారు.

అమ్మ వెళ్ళి జయచంద్రను నిజం చెప్పమని బతిమాలింది. చెప్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. "యాడాదే గదక్కా" అన్నాడు.

నాయన జైలుకు పోయినాక మా పక్క ఒక్క సారా కేసూ నమోదు కాలేదు. కొత్త పేరు రాస్తే, పెద్ద వ్యాపారిని పట్టేశామన్న ఆఫీసరు మాట అబద్ధమవుతుంది. అందుకని ఎవరూ రాయలేదు. సారా పోయిందని ఒక సభలో చప్పట్లు కొట్టారు. శాంతయ్య ఇంకో పొయ్యి పెట్టాడు.

నిర్బంధం న్యాయమో కాదో తేల్చడానికి హైదరాబాదులో ముగ్గురు పెద్దలు కూర్చుంటారు. వకీలు ఉండడు. నాయనను విడిపిస్తే వాళ్ళే విడిపించాలి. అక్కడ జరిగింది ములాఖత్‌లో నాయనే నాకు చెప్పాడు. ఇతన్ని పట్టినప్పటినుంచి ఆ పక్క ఒక్క కేసు లేదు, దీనికేమంటావని వాళ్ళు అడిగారట.

"నేను ఈడుంటే ఆడ కేసెట్ల ఉంటాదయ్యా అన్నాను పాపా" అన్నాడు నాయన.

తను చెప్పాల్సింది చెప్పేసినట్టే అనుకున్నాడు. ఆ ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారని, వాళ్ళకు అర్థమైనట్టే ఉందని, వచ్చే నెలకు ఇంటికొస్తానని చెప్పాడు. వాళ్ళు దాన్ని నేరం ఒప్పుకోవడంగా రాసుకున్నారు.

ఏడాది నిండకముందే నాయన కామెర్లతో జైల్లోనే పోయాడు. అతిగా సారా తాగడం వల్ల కాలేయం చెడిందని కాగితం ఇచ్చారు. సారా చావుల లెక్కలో కూడా మా పక్కనుంచి ఆ ఏడు ఆయన ఒక్కడే.

ఆ ఆఫీసరుకు పెద్ద ఉద్యోగమిచ్చి వేరే జిల్లాకు పంపారు. ఆయన తరవాత వచ్చినాయన, కేసులు లేవంటే మీరు పని చెయ్యడం లేదని సిబ్బందిని తిట్టాడట.

నాయన కర్మాంతరం నాడు జయచంద్ర వచ్చాడు. పటానికి దండ వేసి, కళ్ళు తుడుచుకుని, ఆకు ముందు కూర్చుని తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక అమ్మ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఆ క్యాను ఉండాదా?"

అమ్మ ఎవరికని అడిగింది.

"సిన్నబావ ఒప్పుకున్నాడు."

చిన్నబావ అంటే నాయన తమ్ముడు మునిరామయ్య. ఒప్పుకోకుంటే నిజం సారా పెట్టి పడతామన్నారని తరవాత చెప్పుకున్నాడు. అప్పుడు మాత్రం పందిట్లో బంధువులకు రసం పోస్తూ, మా వైపు చూడలేదు.

ఆ రోజు చుట్టాలకు తాగే నీళ్ళు ఆ క్యానులోనే పెట్టాం. అమ్మ మిగిలిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోసి, మూత బిగించి ఇచ్చింది.