చిన్నాయన ఆపేసే చోటు

మా చిన్నాయన పోయాడని ఆర్మూర్ నుంచి కబురు వచ్చినప్పుడు నేను మాక్లూర్ బడిలో పాఠం చెబుతున్నాను. బస్సెక్కి కూర్చున్నాక ఏడుపు కంటే ముందు ఒక భయం వచ్చింది, ఆ టేపును ఎవరైనా పారేస్తారేమోనని. మనిషి పోతే క్యాసెట్ గురించి ఆలోచించానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆ టేపు లేకుండా ఆయనను తలుచుకోవడం నాకు చేతకాదు.

దుబాయి నుంచి వచ్చినవాళ్లు బంగారం, దుప్పట్లు తెచ్చుకుంటే మా చిన్నాయన అమెరికా పాటలు తెచ్చాడు. అక్కడ ఒక పెద్ద నది పక్కన, పత్తి చేలల్లో చాకిరీ చేసిన నల్లవాళ్లు ఎప్పుడో పాడినవట. బ్లూస్ అంటారని దుబాయిలో ఆయన గదిలో ఉండే సూడాన్ మనిషి చెప్పాడు. ఒక్క గొంతు, ఒక్క గిటారు, వెనకాల పాత రికార్డు గరగర. పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే రోజుల్లో మా వాకిట్లో అదే మోగేది.

"ఏందయ్యా గా ఏడుపు? జర సినిమా పాటలు పెట్టరాదు?" అని చిన్నమ్మ లోపలి నుంచి అరిచేది.

"నీకు సమజ్ కాదు తియ్యి," అని ఆయన నవ్వేవాడు.

నాకూ అర్థం కాలేదు. మాటే తెలియని పాటలో ఏముంది చిన్నాయనా అని ఒకసారి అడిగాను.

"మాట సమజ్ కాకున్నా బాధ సమజ్ అయితది బిడ్డా. తప్పు చేసినోడు దేవుని ముంగట చెప్పుకున్నట్టు పాడుతుండు. గా మనిషి ఎన్నడో పోయిండు. ఎవ్వరో వాని గొంతు దాచిండ్రు. నన్ను గన్న మా అవ్వ గొంతు నేను దాచలే."

అప్పుడు చెప్పాడు. ఆ రోజుల్లో గల్ఫ్ ఇళ్లలో ఉత్తరాలకు బదులు టేపులే తిరిగేవి. చదువురాని మా నాయనమ్మ పక్కింటి టేపురికార్డర్ ముందు కూర్చుని కొడుకుతో మాట్లాడి పంపేది. ఆయన విని, అదే టేపు మీద తన మాటలు నింపి తిప్పి పంపేవాడు. అందరూ చేసేదే. ఆమె పంపిన చివరి టేపు వచ్చినప్పుడు మాత్రం, సూడాన్ మనిషి తన దేశం వెళ్లిపోతున్నాడని, వేరే టేపు దొరక్క, చిన్నాయన అతని దగ్గరున్న ఈ పాటలను అమ్మ మాటల మీద ఎక్కించుకున్నాడు. జవాబు తర్వాత పంపుదాంలే అనుకున్నాడు. అంతలో నాయనమ్మ పోయింది. పాటలు అయిపోయిన తర్వాత, టేపు చివర ఆమె మాటలు కొన్ని మిగిలాయి.

వాటిని వినే ధైర్యం ఆయనకు ఎప్పుడూ రాలేదు. "ఏ మొఖం పెట్టుకొని వినాలె?" అనేవాడు. పాట పెట్టేటప్పుడు పసుపు చేతులు తువ్వాలుకు శుభ్రంగా తుడుచుకుని మీట నొక్కేవాడు. చివరి పాట ముగుస్తుంటే మాత్రం ఎక్కడున్నా ఉరికొచ్చి ఆ పసుపు చేత్తోనే ఆపేసేవాడు. నేను చాలాసార్లు పక్కనే కూర్చుని ఉన్నాను. ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకుని, విందాం చిన్నాయనా అని అనాల్సింది. పెద్దవాళ్ల బాధలో మనమెందుకని మర్యాదగా ఊరుకున్నాను. ఆ మర్యాదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

పెద్దకర్మ అయ్యాక చిన్నమ్మ టేపురికార్డర్ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఒక్కసారి పెట్టు బిడ్డా. ఇల్లంత సప్పుడు లేకుండ అయింది."

పాటలన్నీ విన్నాం. చిన్నమ్మ ఈసారి సినిమా పాటలు అడగలేదు. చివరి పాట ముగుస్తుంటే, ఆయన అలవాటే నాకూ వచ్చినట్టు, నా వేలు ఆపే మీట మీదికి పోయింది. అక్కడే ఆగింది.

గరగర తర్వాత మా నాయనమ్మ గొంతు.

"...కొత్త టేపు కొనకు కొడుకా. గిదే తుడిచి, దీంట్లనే మాట్లాడి పంపు. నా ముచ్చట్లకేముంది, రోజూ ఉండేటియే. నీ గొంతు వినవడితె నాకు సాలు."

ఈ మాట ఆయన దుబాయిలో ఒకసారి వినే ఉంటాడు. మరిచిపోయాడు. చేసిన తప్పు ఒక్కటే గుర్తుపెట్టుకున్నాడు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

టేపు దానంతట అదే ఆగింది. మీటలన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఆపే మీట తప్ప. దాని మీద పసుపు మరక, చిన్నాయన వేలంత.