నా టీసీ గర్ల్స్ స్కూల్లో ఉంది

లేదు, నేను గర్ల్స్ స్కూల్ గేటు దగ్గర ఊరికే నిలబడలేదు. ఓపెన్ టెన్త్ కట్టడానికి టీసీ కావాలి. నేను ఏడో తరగతిలో మానేసి పసుపు యార్డులో పనికి చేరాక, పిల్లలు తక్కువయ్యారని మా బడిని గర్ల్స్ స్కూల్లో కలిపేశారు. రికార్డుల బీరువాతో పాటు నా టీసీ కూడా అక్కడికే పోయింది.

గేటు దగ్గర ఆయమ్మ ఆపింది.

"ఎవల కోసం వచ్చినవ్ పిల్లగా?"

"నా కోసమే. మా బడి గీ బడిల కలిసింది."

"గట్లయితే నువ్వు మా పాత స్టూడెంట్‌వే గదా" అని నవ్వి, "మేడం, మన పోరడొచ్చిండు" అని లోపలికి కేకేసింది.

కిటికీల నిండా అమ్మాయిలే. నేను చెప్పుల వైపు చూసుకుంటూ లోపలికి పోయాను.

టీసీ ఇచ్చారు. కింద బాలికల ఉన్నత పాఠశాల అని స్టాంపు. రేపు ఓపెన్ టెన్త్ ఫీజు కట్టే చోట ఇది చూపిస్తే నన్ను ఏ లైన్లో నిలబెడతారంటారు?