ముందుజవాబు సూర్యారావు

సూర్యారావు తన జీవితంలో ఎవరి ప్రశ్ననూ చివరిదాకా విని ఎరగడు. అడిగేవాడి నోట్లో ప్రశ్న సగం ఉండగానే ఆయన నోట్లోంచి జవాబు మొత్తం బయటికొచ్చేసేది. అది సరైన జవాబా కాదా అన్నది వేరే సంగతి. ఎక్కువసార్లు కాదు.

"టైమెం—" అంటే "పదిన్నర!" అనేవాడు. ఆయనకి వాచీ లేదు.

ఒకసారి పన్ను నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. "ఎక్కడ నొ—" అని డాక్టరు నోరు తెరిచేసరికి "మోకాలు!" అనేశాడు. అన్నమాట వెనక్కి తీసుకోవడం ఆయన వంశంలో లేదు. మోకాలికి కట్టు కట్టించుకుని, పుచ్చిపన్నుతో కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. ఎలా ఉందని ఎవరు పలకరించబోయినా, బుగ్గ పట్టుకుని "కాలు కొంచెం నయం" అనేవాడు.

ఇంట్లో ఆయన భార్య దాలమ్మది ఇంకో అవస్థ.

"కూరలో ఉప్పు సరి—"

"బ్రహ్మాండం!"

"కూర ఇంకా పొయ్యి మీదే ఉన్నాది. నీ కంచంలో ఉన్నది ఉట్టి అన్నం."

"అన్నం కూడా బ్రహ్మాండంగానే ఉన్నాదే."

దాలమ్మ ఈ కథలన్నీ కొళాయి దగ్గర అందరికీ చెప్పుకునేది. "పెళ్ళిచూపులప్పుడు మా అయ్య 'పిల్ల నచ్చి—' అన్నాడో నేదో, 'నచ్చింది' అనేశాడమ్మా. నేనింకా గదిలోంచి రానేనేదు!" ఫిర్యాదుగానే చెప్పేది గానీ, చెప్పినప్పుడల్లా కొంగుతో మూతి తుడుచుకునేది.

సూర్యారావు తండ్రి టెక్కలి వైపునుంచి రైలు వేగన్లు బాగుచేసే పనికి రాయపూర్ వచ్చి స్థిరపడ్డాడు. కొడుకు పుట్టిందీ పెరిగిందీ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోనే. ఉద్యోగం మాత్రం దేవేంద్ర నగర్లో, ఒక గ్యాస్ ఏజెన్సీ కౌంటర్లో. ఆ కౌంటర్ ముందు హిందీవాళ్ళు, ఛత్తీస్‌గఢీవాళ్ళు, కాలనీ తెలుగువాళ్ళు ఒకే లైన్లో నిలబడేవారు. సూర్యారావు అందరికీ ఒకటే మర్యాద చేసేవాడు. ఎవరినీ మాట పూర్తిచేయనిచ్చేవాడు కాదు.

"భైయా, మేరా సిలిం—"

"గురువార్!"

"మావయ్యా, మా బండ—"

"రేపు పొద్దున్న!"

"చాచా, చౌబేజీ కా మకాన్ కిధ—"

"స్టాక్ నహీఁ!"

ఆఖరివాడు గ్యాస్ కోసం రాలేదు పాపం, చౌబేగారి ఇల్లెక్కడో కనుక్కుందామని వచ్చాడు.

ఇలాంటి మనిషి పక్కన, తొంభై ఏడులో, ఏలియా వచ్చి పడ్డాడు. కాలనీ కుర్రాడే, ఇరవై నాలుగేళ్ళవాడు. డిగ్రీ మధ్యలో మానేశాడు. పాత పుస్తకాల కొట్లో అట్ట ఊడిపోయిన యూనిక్స్ పుస్తకం ఒకటి దొరికితే, స్క్రిప్టులు రాయడం తనంతట తనే నేర్చుకున్నాడు. అప్పటికి వాడి దగ్గర కంప్యూటర్ లేదు. కాగితం మీద ప్రోగ్రాం రాసుకుని, కంప్యూటర్ ఏమంటుందో కూడా తనే అనుకునేవాడు. ఫీజు కట్టి, టై కట్టి కంప్యూటర్ క్లాసులకి వెళ్ళినవాళ్ళకి ఉద్యోగాలు దొరికాయి. ఏలియాకి కోపం దొరికింది. దాన్ని వాడు తుప్పు పట్టనివ్వకుండా రోజూ వాడుకునేవాడు. వాళ్ళమ్మ అన్నమ్మ నర్సు. డ్యూటీకి వెళ్తూ కొడుకుని ఒక్క మాటా అనేది కాదు. ఆ అనకపోవడమే వాడికి ఎక్కువ గుచ్చుకునేది.

ఏజెన్సీ యజమాని గిర్‌ధర్ సేఠ్ ఒక పాత కంప్యూటర్ కొన్నాడు. ఎందుకంటే అవతలి వీధి ఏజెన్సీవాడు కొన్నాడు. "బుకింగ్ ప్రోగ్రాం రాయి," అన్నాడు ఏలియాతో హిందీలో. "దీపావళిదాకా చూస్తాను. నడిస్తే ఈ కుర్చీ నీది. నడవకపోతే కంప్యూటర్‌కి గుడ్డ కప్పుతాను, నీకు నమస్తే చెప్తాను."

ఏలియాకి ఆ కుర్చీ కావాలి. లోకంలో ఎవరి ముందూ చెయ్యి చాచకుండా కూర్చునే చోటు అదొక్కటే కనిపించింది వాడికి.

ప్రోగ్రాం చిన్నదే. తెర మీద ఒక ప్రశ్న వేస్తుంది. జవాబు కొట్టి ఎంటర్ నొక్కేదాకా ఆగుతుంది. తరవాత ఇంకో ప్రశ్న. కనెక్షన్ నెంబరు? పేరు? ఎన్ని బండలు? తరవాతి కస్టమర్ ఉన్నారా? ఉంటే వై, లేకపోతే ఎన్.

"మీరు కొట్టేదాకా కదలదు బాబాయ్. ఎంతసేపైనా చూస్తది," అన్నాడు ఏలియా గర్వంగా.

అంతసేపు చూడాల్సిన అవసరం దానికి ఎప్పుడూ రాలేదు. ప్రశ్నల వరస నోటికి రాగానే సూర్యారావు తెర వైపు చూడటం మానేశాడు. మొదటి ప్రశ్న కనపడేలోపే నాలుగింటికీ జవాబులు టకటకా కొట్టేసేవాడు. యంత్రానికి ఒక సుగుణం ఉంది. ముందుగా నొక్కిన మీటల్ని అది పారేయదు. దాచుకుని, ప్రశ్న వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటీ అందిస్తుంది. సూర్యారావుకి తనని అర్థం చేసుకున్న ప్రాణి ఇన్నాళ్ళకి దొరికింది.

"సూడరా ఏలియా! నేను ముందే సెప్పేసినా కోప్పడ్డం నేదు! దాలమ్మని ఒకసారి తీసుకొచ్చి దీన్ని సూపించాల."

లైను బయట రోడ్డు దాటి ఉండేది, గుమ్మంలోకి వచ్చేసింది. సేఠ్ మురిసిపోయాడు. మురిసినవాడు ఊరుకోక, "ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళేవాళ్ళ కోసం రద్దు ప్రశ్న కూడా పెట్టు," అన్నాడు. ఏలియా ఆ ప్రశ్నని బండల ప్రశ్న తరవాత పెట్టాడు. ఈ కనెక్షన్ రద్దు చేయాలా? చేయాలంటే వై. వై కొడితే నేరుగా తరవాతి కస్టమర్‌కి పోతుంది.

సంగతి సూర్యారావుకి చెబుదామని పొద్దున్నే వచ్చాడు.

"బాబాయ్, మధ్యలో ఒక కొత్త ప్ర—"

"తెలుసు, తెలుసు!"

ఏమీ తెలియదు. తరవాతి కస్టమర్ ఉన్నాడని ఆయన కొట్టిన ప్రతి వై వెళ్ళి రద్దు ప్రశ్నకి జవాబుగా పడింది. ఆ పూట గ్యాస్ బుక్ చేసుకుందామని వచ్చినవాళ్ళందరికీ గ్యాస్ రాలేదు సరికదా, కనెక్షనే పోయింది. వాళ్ళలో గిర్‌ధర్ సేఠ్ అత్తగారు ఉన్నారు.

ఆవిడ అల్లుడికి ఫోన్ చేసి ఏమందో ఎవరికీ తెలియదు. సేఠ్ ఫోన్‌కి దణ్ణం పెడుతూ నిలబడ్డం మాత్రం లైన్లో అందరూ చూశారు.

ముందురోజు కాపీలోంచి కనెక్షన్లన్నీ ఏలియా సాయంత్రానికి తిరిగి తెచ్చాడు. అయినా సేఠ్ చల్లబడలేదు. "దీపావళి దాకా అక్కర్లేదు. నీ దీపావళి సోమవారమే. ఇంకొక మాట. ఈ సూర్యారావు వరస తప్పించి అర్జెంటు బండలు తెగ ఇస్తున్నాడు. అర్జెంటంటే కారణం అడగాలి. ఒక్క కారణం ఖాళీగా పోయినా నువ్వు లేవు, నీ ప్రోగ్రాం లేదు."

ఏలియా పళ్ళు బిగించి కూర్చున్నాడు. ప్రశ్న అడగకముందు నొక్కిన మీటలన్నీ పారబోసేలా రాశాడు. రద్దు చేయాలంటే ఒక్క వై చాలదు, పూర్తి మాట కొట్టాలి. కోపంలో ఆ పారబోత మందుని ఒక్క ప్రశ్నకే కాదు, అన్నిటికీ పట్టించాడు. అర్జెంటు బండలకి కారణం అడిగే ప్రశ్న ఒకటి చేర్చాడు, అక్కడ ఖాళీగా ఎంటర్ నొక్కితే మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అడుగుతుంది.

"ఏలియా, నేను కొట్టిన జవాబేదిరా?"

"పారబోసింది బాబాయ్."

"మనిషి మాట పారబోస్తాదా? అదేటి, మునిసిపాలిటీయా?"

"ప్రశ్న వినకుండా చెప్పింది జవాబు కాదు బాబాయ్."

"మరేటి?"

"తొందర."

సూర్యారావు మూడు రోజులు చేతులు గాల్లో పెట్టుకుని, ఉడికే పాల ముందు కూర్చున్నవాడిలా తెర ముందు కూర్చున్నాడు. లైను మళ్ళీ రోడ్డెక్కింది. ఏలియాకి లోపల్లోపల తృప్తిగానే ఉంది. దాలమ్మ వల్ల కానిది, డాక్టర్ల వల్ల కానిది, తన స్క్రిప్టు చేసి చూపించింది.

సోమవారం సేఠ్ కుర్చీ లాక్కుని వాళ్ళ వెనకే కూర్చున్నాడు. కాలనీ నుంచి పైడమ్మ వచ్చింది. పక్కన ఆవిడ వియ్యపురాలు ఉంది, రంగురంగుల చీరలో, నోట్లో పాన్‌తో.

"బాబూ, మా బండ మళ్ళీ అ—"

"అర్జెంటు. రాస్తన్నాను," అన్నాడు సూర్యారావు.

తెర మీద ప్రశ్న పడింది. కారణం?

"పూఛో, పూఛో," అన్నాడు సేఠ్ వెనకనించి, అడగమని.

పైడమ్మ నోరు తెరిచింది. వియ్యపురాలి వైపు చూసింది. నోరు మూసింది. వియ్యాలవారు పండక్కని వచ్చి నెల దాటిందని, బండ అందుకే అయిపోయిందని, ఆ వియ్యపురాలి పక్కనే నిలబడి ఏ నోటితో చెబుతుంది?

సూర్యారావు ఎంటర్ నొక్కాడు. కారణం? మళ్ళీ నొక్కాడు. కారణం? తెర నిండా కారణం, కారణం, కారణం. ప్రోగ్రాం బాగా మొండిది, దాన్ని కన్న ఏలియాలాగే. ఆఖరికి సూర్యారావు రెండు వేళ్ళతో 'షాదీ' అని కొట్టాడు.

"షాదీ? కిస్—" ఎవరి పెళ్ళని సేఠ్ అడగబోయాడు.

"మేరీ!" అన్నాడు సూర్యారావు, నాదేనని.

సేఠ్ కళ్ళద్దాలు తీశాడు. "తుమ్హారీ?"

అన్నమాట వెనక్కి తీసుకోవడం వంశంలో లేదు కదా. "హాఁ జీ. మేరీ."

లైనంతా గొల్లుమంది. సేఠ్ కూడా నవ్వి, "రేపు నేనే కూర్చుని పరీక్ష చేస్తాను," అని లేచి వెళ్ళిపోయాడు. పెళ్ళి కబురు మాత్రం సూర్యారావు సైకిలు కంటే ముందు కాలనీ చేరింది. గుమ్మంలోనే దాలమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"పెళ్ళికూతురెవ—"

"నువ్వే!"

ఆ పూట కూర నిజంగానే బ్రహ్మాండంగా ఉందని వినికిడి.

మర్నాడు పొద్దున్న టీకొట్టు దగ్గర ఏలియా పట్టుకున్నాడు. "బాబాయ్, పైడమ్మగారు ఏం అడగబోతున్నారో మీకెలా తె—"

"సెయ్యి సూడాల. ఉట్టినే అడిగేవోడు కౌంటర్ మీద సెయ్యేసి అడుగుతాడు. సిగ్గుపడి అడిగేవోడు సెయ్యి ఎనక్కి ఎట్టుకుంటాడు. ఆణ్ణి ఆఖరుదాకా మాటాడనీకూడదురా."

"ఎందుకని?"

అదొక్క ప్రశ్నే వాడు పూర్తిగా అడగగలిగాడు, సూర్యారావు నోట్లో టీ ఉండబట్టి.

"నోట్లోంచి వచ్చేస్తే ఆడి మాట ఆడికే ఇనపడతాది. బండ ఖాళీ అయ్యింది, అంతకి మించి కారణం ఏటి?"

ఏలియా గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ఈ కౌంటర్ దగ్గరికి మొదటిసారి పని కోసం వచ్చిన రోజు, ముందునుంచీ కూడబలుక్కున్న మాట నోరు దాటకముందే ఈయన "సేఠ్ సోమవారం ఉంటాడు, కంప్యూటర్ తెలిసిన కుర్రోడని నేను సెప్తాను, ఎల్లు" అన్నాడు. అడగనైనా అడగనివ్వలేదని ఏలియా ఇన్నాళ్ళూ మండిపడ్డాడు. ఆ రోజు తన చేతులు ఎక్కడున్నాయో ఇప్పుడు గుర్తొచ్చింది.

షట్టర్ ఎత్తగానే వెళ్ళి ప్రోగ్రాం తెరిచాడు. రద్దు ప్రశ్న దగ్గర కాపలా అలాగే ఉంచాడు. మిగతా ప్రశ్నల దగ్గర ముందు కొట్టిన జవాబులు పారబోయడం తీసేశాడు. కారణం దగ్గర ఉత్త ఎంటర్ నొక్కితే మళ్ళీ అడక్కుండా, ప్రోగ్రామే ఒక మాట వేసుకుని ముందుకి పోయేలా రాశాడు. సేఠ్ ఒప్పుకోకపోతే కుర్చీ పోతుంది. తెలిసే రాశాడు.

సేఠ్ వచ్చి కూర్చున్నాడు. లైనంతా చూస్తుండగా అత్తగారి నెంబరు కొట్టాడు. అర్జెంటు. ఆవిడ కూతురితో పోట్లాడి అదే ఇంట్లో మేడ మీద వేరే పొయ్యి పెట్టుకుందన్నది దేవేంద్ర నగర్లో పనిమనుషులందరికీ తెలుసు. అది రహస్యమని ఒక్క సేఠ్ మాత్రమే నమ్ముతున్నాడు.

కారణం?

సేఠ్ వేళ్ళు ఆగిపోయాయి. లైన్లోవాళ్ళు మెడలు చాచారు. సేఠ్ చెయ్యి మెల్లగా మీటల మీంచి జారి, వెనక్కి వెళ్ళింది.

"ఎంటర్ దబాయియే సేఠ్‌జీ," అన్నాడు సూర్యారావు, గోడ వైపు చూస్తూ.

సేఠ్ నొక్కాడు. తెర మీద తనంతట తానే ఒక మాట పడింది: జరూరత్. అవసరం. బుకింగ్ అయిపోయింది.

"యే కిస్నే లిఖా?" ఇది రాసిందెవరని సేఠ్ అడిగాడు.

ఏలియా ఒక అడుగు ముందుకేశాడు. "కారణం ఖాళీగా పోకూడదన్నారు కదా సేఠ్‌జీ. పోదు."

సేఠ్ తెర వంక చూశాడు. లైను వంక చూశాడు. మళ్ళీ తెర వంక చూశాడు. "సరైన కారణమే," అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఈ కుర్చీ గట్టిగా ఉంది. రోజూ కూర్చునేవాడివి, దిండు ఒకటి కొనిపించుకో," అన్నాడు.

సూర్యారావు తన చోట్లో సర్దుకున్నాడు. వేళ్ళు తెర కంటే ముందు పరుగెత్తాయి. ఒక్క జవాబూ పారబోయలేదది. కారణం దగ్గర ఎంటర్ నొక్కితే మారుమాట లేకుండా ముందుకి పోయింది. ఆయన చేతులు ఆపి ఏలియా వైపు తిరిగాడు.

"ఒరే ఏలియా, ఇదంతా నువ్వు కావాలని—"

"అవును బాబాయ్."

సూర్యారావు ఉలిక్కిపడ్డాడు. పుట్టిన దగ్గరనుంచీ ఆయన్నెవరూ ఇలా చేయలేదు.

"నన్ను పూర్తిగా అడగనియ్య—"

"అక్కర్లేదు బాబాయ్."

అటుపైన చాలాసేపు సూర్యారావుకి మాట రాలేదు. లైన్లో ముందున్న పెద్దాయన, ఆ ఏజెన్సీ తెరిచిన తరవాత మొట్టమొదటిసారి, తన ప్రశ్న మొత్తం అడిగి ముగించి, ఇక ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూశాడు.