నడిపి చూశానన్న మాట

పదేళ్ళ పైబడి నేను ప్రార్థనలో ఒకే చోటికి వచ్చి ఆగిపోతున్నాను. రోగుల కోసం అడుగుతాను, వాన కోసం అడుగుతాను, సంఘంలో తగాదా పడినవాళ్ళ కోసం పేరుపేరునా అడుగుతాను. నా పాపం వంతు వచ్చేసరికి మాట ఆపి నుదురు నేలకు ఆనిస్తాను. పక్కనున్నవాళ్ళు దాన్ని కన్నీటి ప్రార్థన అనుకుంటారు. నన్ను భక్తిపరుడంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నా మీద మరో రాయి పెట్టినట్టుంటుంది.

నా పేరు రాయను. మీరెవరో నాకు తెలియదు. తెలిసిన మనిషైతే ఈపాటికి కాగితం చించేసేవాణ్ణి.

నాకు మాచర్లలో చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. సాగర్ డ్యామ్ కడుతున్న రోజుల్లో లారీల దగ్గర పని నేర్చుకుని పెట్టుకున్నాను. అప్పుడు మా సంఘానికి దేవదానం అయ్యగారు పాస్టరు. చుట్టుపక్కల తొమ్మిది పల్లెల ఆరాధనలు ఆయనవే. మిషను దొరగారు స్వదేశానికి వెళ్ళిపోతూ వదిలిన మోటార్ సైకిల్ మీద తిరిగేవారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదది. ఊళ్ళో దాన్ని దొరగారి గుర్రం అనేవాళ్ళు. వెనక బ్రేకు పేరుకే ఉండేది. బండి ఆగితే ముందు బ్రేకుతోనే ఆగాలి.

ఒక శనివారం మధ్యాహ్నం ఆయన బండి తెచ్చారు. ముందు బ్రేకు పిసికితే గీరుతోంది. చక్రం ఊడదీసి డ్రమ్ము తెరిచాను. చక్రాన్ని పట్టి ఆపే షూల మీది లైనింగు అరిగి రివెట్లు బయటపడ్డాయి. ఆ బండికి సామాను ఎక్కడా దొరకదు. లారీ లైనింగు ముక్క కోసి, ఆకురాయితో వంపు తీసి, రాగి రివెట్లు కొట్టి కొత్త షూలు తయారుచేశాను. చక్కగా కుదిరాయి. ఆ పనిలో నాకు చెయ్యి ఉందని ఇప్పటికీ అంటారు.

అప్పుడు చూశాను. బేరింగులో గ్రీజు డ్రమ్ములోకి రాకుండా ఆపే ఫెల్టు వాషరు ఒకటుంటుంది. అది ఒకవైపు చిరిగిపోయి ఉంది. కొత్తది కోసి వేయాలంటే గంట పని. వేశాక బండిని నాలుగు మైళ్ళు నడిపి, బ్రేకు కొట్టి చూసి, మళ్ళీ డ్రమ్ము విప్పి లైనింగు పొడిగా ఉందో లేదో చూడాలి. లారీల దగ్గర మా మేస్త్రీ మాకు మొదట నేర్పింది ఇదే.

మర్నాడు సంస్కారపు ఆదివారం. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు శనివారం సాయంత్రం మా దగ్గర సిద్ధపాటు కూడిక ఉంటుంది. ఎవరి హృదయం వాళ్ళు పరీక్షించుకోవాలి, పడనివాళ్ళు అక్కడే రాజీపడాలి. దానికి రానివాళ్ళకు మర్నాడు రొట్టె లేదు. ఆ వారం అక్కడ వాక్యం చెప్పే వంతు నాది. సంఘపెద్దనై మొదటిసారి. నెలనాళ్ళుగా తయారయ్యాను. గుంటూరు నుంచి వచ్చిన బంధువులు కూడా వింటారని నా ఆశ. ఆదివారం పొద్దున పనిచేద్దామా అంటే, విశ్రాంతి దినాన పనిముట్టు ముట్టుకునేవాణ్ణి కాదు. ఆ పట్టుదల గురించి నలుగురికీ చెప్పుకునేవాణ్ణి కూడా.

చిరిగిన వాషరే మళ్ళీ పెట్టాను. దాని మీద గ్రీజు కూరి చక్రం బిగించాను. కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటుంటే అయ్యగారు వచ్చారు.

"నడిపి చూశావా?"

"చూశానండి."

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. ఆలోచించి అబద్ధమాడానా? లేదు. భయపడి ఆడానా? అదీ లేదు. ఆయన కూడికకు ముందే వెళ్ళాలి, నేనూ వెళ్ళాలి, మధ్యలో ఆ ఒక్క మాట అడ్డం ఉంది, దాన్ని తీసి పక్కన పెట్టాను. గంట తర్వాత పీఠం ముందు నిలబడి, తమను తాము పరీక్షించుకోకుండా ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళ గురించి ముప్పావు గంట మాట్లాడాను. ఇద్దరు అన్నదమ్ములు లేచి ఏడుస్తూ కౌగిలించుకున్నారు. అయ్యగారు వెనక బెంచీలో కళ్ళు మూసుకుని విన్నారు.

మర్నాడు మా ఆరాధనకు ముందు ఆయన పొద్దున్నే గురజాల వైపు ఒక పల్లెకు సంస్కారం ఇవ్వడానికి బయలుదేరారు. పన్నెండు మైళ్ళు. ఎండాకాలం. చక్రం వేడెక్కి గ్రీజు కరిగి లైనింగు మీదికి కారి ఉంటుంది. పల్లె ముందు వాగులోకి దిగుడులో బండి ఆగలేదు. అదే ఆరాధనకు కొందరు నడిచి వెళ్తున్నారు. వాళ్ళలో నాపరాళ్ళ గనిలో పనిచేసే యాకోబు ఉన్నాడు. చంటిబిడ్డను అతని భార్య రాహేలు ఎత్తుకుంది. అయ్యగారు కేక వేస్తే మిగతావాళ్ళు పక్కకు తప్పుకున్నారు. యాకోబు భార్యనూ బిడ్డనూ తోసేసి తాను బండి కింద పడ్డాడు. మూడోనాడు గుంటూరు ఆసుపత్రిలో పోయాడు.

బండిని ఆ ఆదివారం మధ్యాహ్నమే ఎద్దుబండి మీద నా షెడ్డుకు చేర్చారు. అందరూ వెళ్ళాక తలుపు మూసి డ్రమ్ము విప్పాను. అవును, ఆదివారమే. లైనింగు నల్లగా, తడిగా మెరుస్తోంది. వేలు పెడితే జారింది. పెట్రోలుతో కడిగాను. రెండుసార్లు కడిగి ఆరబెట్టాను. కొత్త ఫెల్టు కోసి వేశాను. నిన్న గంట పట్టేదని మానుకున్న పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

యాకోబును పాతిపెట్టిన వారం సంఘపెద్దలం ప్రార్థన మందిరంలో కూర్చున్నాం. అయ్యగారు మా ఎదుట చెక్క కుర్చీలో కూర్చున్నారు. చేతికి కట్టు ఉంది.

"బ్రేకు పట్టినట్టే పట్టి జారిపోయిందయ్యా," అన్నారు.

మా అందరిలోకీ పెద్దవాడు మీరయ్య తాత. మొహమాటం లేని మనిషి. "జారటానికి అదేమన్నా పాకుడు రాయా అయ్యగారూ? నిన్నగాక మొన్న బాగుచేయించిన బండి. మీరేమో దాన్ని రైలు మాదిరి తోలతారని ఊరంతా అంటంది," అని నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, చేసినోడివి నువ్వేగా. నోరు మెదపవేంది? ఏమన్నా లోపముందా దాంట్లో?"

"లేదు తాతా. కొత్త షూలు వేశా. మళ్ళీ విప్పి చూశా, పొడిగానే ఉంది."

"నడిపి చూసే ఇచ్చావా?"

"చూసే ఇచ్చా."

అయ్యగారు నా వైపు చూశారు. ఆ చూపులో అనుమానం ఉంటే ఈ రోజు నేనింకోలా బతికేవాణ్ణేమో. అనుమానం లేదు. కాసేపు తన చేతికేసి చూసుకున్నారు.

"వాడు చూశానంటే చూసినట్టే," అన్నారు. "అయితే నా చెయ్యే ఆలస్యమై ఉంటది. ప్రసంగం గురించి ఆలోచిస్తా పోతన్నా. మనసు దారి మీద లేదు. చానా పాపం చేశా."

ఆయనను పాస్టరు పని నుంచి తప్పించాలని అడిగినప్పుడు అందరితోపాటు నేనూ చెయ్యెత్తాను. కొంచెం ఆలస్యంగా ఎత్తాను. ఆ ఆలస్యాన్ని చాలాకాలం నాకు నేనే మంచితనంగా చెప్పుకున్నాను.

ఆయన రాహేలు కాళ్ళ దగ్గర కూర్చుని తప్పు ఒప్పుకున్నారట. ఆమె క్షమించింది. చెయ్యని మనిషిని క్షమించింది. భర్త పోయాక ఆమె మాచర్ల వచ్చి గుడిసె వేసుకుంది. చేసినవాడు ఇదే ఊళ్ళో ఉన్నాడని ఆమెకు ఇప్పటికీ తెలియదు. నెలకోసారి ఆమె గుడిసె ముందు నుంచి వెళ్తాను. తల దించుకుంటే వినయమనుకుంటుంది.

అయ్యగారు బెల్లంకొండ వైపు తమ్ముడి ఊరికి వెళ్ళిపోయారు. మళ్ళీ ఏ బండీ ఎక్కలేదు, సైకిలు కూడా. ఏటా ఒకసారి రైల్లో మాచర్ల వచ్చి రాహేలునూ బిడ్డనూ చూసి వెళ్ళేవారు. ఒకసారి స్టేషన్లో ఎదురుపడ్డాను. సగం మనిషయ్యారు. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయనే ముందు నా చెయ్యి పట్టుకున్నారు. ఆ పాపం తనను వదలడం లేదనీ, క్షమాపణ వచ్చిన గుర్తు లోపల కలగడం లేదనీ, తన కోసం ప్రార్థన చెయ్యమనీ అడిగారు.

చేశాను. ఇది చదువుతున్న మీరు ఇక్కడ ఆగి నన్ను అసహ్యించుకోండి. ప్లాట్‌ఫారం మీద ఆయన భుజాన చెయ్యి వేసి, కళ్ళు మూసి, ఈ నీ దాసుడి అపరాధాన్ని క్షమించు తండ్రీ అని ప్రార్థించాను. మంచి ప్రార్థన. మాటలు వాటంతటవే వచ్చాయి. ఆయన ఆమేన్ అన్నారు. చెయ్యని పాపానికి ఆమేన్ అన్నారు. రైలు కదిలింది. ఎందుకు చెప్పలేకపోయాను? నా షెడ్డుకు ఎవరూ రారనా? నన్ను పెద్దరికం నుంచి దించుతారనా? అంతకంటే నీచమైన కారణం ఉందేమోనని తవ్వుకుంటాను. ఆయన నన్ను నమ్మారు. ఆ నమ్మకం పోతుందేమోనని, ఆయన ప్రాణం కంటే దాన్నే ఎక్కువ చూసుకున్నాను.

ఆ మరుసటి ఏడు ఆయన రాలేదు. పోయారని కార్డు వచ్చింది. ఆఖరి రోజుల్లో కూడా యాకోబు పేరు తలుచుకుంటూ ఉన్నారని తమ్ముడు రాశాడు. ఇంక చెప్పడానికి ఆ మనిషి లేడు. తన చెయ్యి తప్పు చేయలేదని ఆయనకు తెలియజేసే దారి ఈ లోకంలో లేదు. పరలోకంలో తెలిసే ఉంటుందని మా వాళ్ళు ఓదారుస్తారేమో. తెలిస్తే ఆయన నన్ను ఎలా చూస్తారో నాకు ఊహకు అందదు. నేను అక్కడికి చేరతానన్న ఆశ కూడా నాకు పెద్దగా లేదు.

క్షమాపణ గురించిన వాక్యాలన్నీ నాకు కంఠతా వచ్చు. పల్లెల్లో వాటిని వివరించి చెబుతుంటాను. విన్నవాళ్ళు ఏడుస్తారు. నా మీద మాత్రం అవి రేకుల కప్పు మీద పడిన వానలా జారిపోతాయి. ఒప్పుకోవలసిన మనిషి ముందు ఒప్పుకోనివాడికి అవి అంటవేమో. రాహేలు ముందుకు వెళ్ళగలనా? వెళ్తానని రాయలేను. ఇంకో అబద్ధం రాయడానికి కూర్చోలేదు.

వాషరు చిరిగిందని తెలిసి వేశాను. నడిపి చూడకుండా చూశానన్నాను. డ్రమ్ము కడిగి సాక్ష్యం లేకుండా చేశాను. దేవదానం అయ్యగారు యాకోబును చంపలేదు, నేను చంపాను.

ఇది దేవుడికి మొదటి నుంచీ తెలుసు. ఆ తెలియడం నాకు భయాన్నే మిగిల్చింది. మనుషుల్లో మాత్రం ఇప్పటిదాకా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు మీకూ తెలుసు.